కాలువ గట్టు మీద సైకిల్: బోర్డో నుంచి తులూజ్ దాకా ఐదు రోజులు

ఫ్రాన్స్‌లో సైకిల్ యాత్ర చేద్దామనుకున్నవాళ్ళు ముందు పటం తీస్తారు. లువార్ నది వెంట 900 కిలోమీటర్ల గీత కనిపిస్తుంది, అట్లాంటిక్ తీరం వెంట అంతకంటే పొడుగు గీత ఇంకొకటి కనిపిస్తుంది. ఇదంతా సైకిళ్ళకే వేసిన దారి కదా అని సంబరపడి టికెట్లు కొనేస్తారు. రెండో రోజు మధ్యాహ్నం వెనకనుంచి ట్రాక్టరు హారన్ వినిపించాక గానీ విషయం బోధపడదు.

అందుకని టికెట్టుకంటే ముందు రెండు ఫ్రెంచి మాటలు నేర్చుకోండి. మొదటిది "వోయ్ వెర్త్". పచ్చదారి అని అర్థం. మోటారు బండి ఎక్కకూడదు. నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, చక్రాల బూట్లవాళ్ళు, కొన్నిచోట్ల గుర్రాలు, అంతే. రెండోది "వెలోరూట్". అంటే బోర్డులు పెట్టి, నంబరు ఇచ్చిన దూరప్రయాణపు సైకిల్ మార్గం. అందులో కొంత పచ్చదారి ఉంటుంది, కొంత జనం తక్కువగా తిరిగే పల్లె రోడ్డు ఉంటుంది, అక్కడక్కడా ఊరి నడుమ మామూలు రోడ్డూ ఉంటుంది. లువార్ దారి పేరుకి గొప్పదే, నిజంగా అందమైనదే, కానీ అది వెలోరూట్. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళూ, పాతికేళ్ళ తర్వాత మళ్ళీ సైకిలెక్కుతున్నవాళ్ళూ పేరు చూసి మోసపోకండి. పటంలో పచ్చదారి ముక్కలు ఎక్కడెక్కడున్నాయో వేరే రంగులో గుర్తు పెట్టుకున్నాకే మిగతా ఆలోచన.

ఈ పచ్చదారులు రెండు రకాల పాత దారుల మీద పుట్టాయి. ఒకటి, రైళ్ళు ఆగిపోయిన లైన్లు. పట్టాలు పీకేసి, కంకర చదును చేసి, తారు పోశారు. బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల దారి 1997లో తెరిచారు, దేశంలో మొదటిది అదే. రైలింజను ఎక్కలేనంత ఏటవాలు ఏ రైలు దారిలోనూ ఉండదు కాబట్టి మన మోకాళ్ళకీ ఇబ్బంది లేదు. రెండోది కాలువ గట్టు. గోదావరి జిల్లాలవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. పడవని తాడు కట్టి లాగడానికి నీటి పక్కనే వేసుకున్న బాట, మధ్యమధ్య నీటి మట్టం మార్చే లాకులు, లాకు పక్కన లాకు మనిషి ఉండే చిన్న ఇల్లు. ఇక్కడ తాడు లాగింది గుర్రాలు. అంతకుమించి పెద్ద తేడా లేదు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే దారి ఒకటే: నైరుతి ఫ్రాన్స్‌లో బోర్డో నుంచి తులూజ్. మొదటి 55 కిలోమీటర్లు పాత రైలు లైను, ఆ తర్వాత గారోన్ కాలువ గట్టు, మొత్తం 250 పైచిలుకు. నడుమ ఒక్క చోట, సుమారు 15 కిలోమీటర్లు మాత్రమే పల్లె రోడ్డు మీద వెళ్ళాలి. ఇది నాకు నచ్చడానికి అసలు కారణం వేరే ఉంది. బోర్డో–తులూజ్ రైలు మార్గం కాలువని వదలకుండా పక్కపక్కనే వెళ్తుంది. లా రెయోల్, మార్మాంద్, అజాన్, మ్వాసాక్, కాస్తెల్‌సారజాన్, ఎక్కడ కాళ్ళు పట్టేసినా, చక్రం వంగినా, ప్రాంతీయ రైలెక్కి ముందుకో వెనక్కో పోవచ్చు. భయం లేని యాత్ర అంటే ఇలాంటిదే.

లండన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకి ఇంకో దారి దగ్గర. న్యూహావెన్‌లో సైకిల్‌తో సహా ఓడెక్కి దియెప్‌లో దిగితే, ఊరి బయటనుంచి ఫోర్జ్-లేజో దాకా పాత రైలు లైను మీద పచ్చదారి. శనాదివారాలకి ఒక రోజు కలిపితే సరిపోతుంది. మిగతాదంతా బోర్డో దారి గురించే చెబుతాను, అయినా ఇందులో చాలా సంగతులు ఏ పచ్చదారికైనా పనికొస్తాయి.

ఎప్పుడు వెళ్ళాలి

మే రెండో సగం, జూన్, లేదా సెప్టెంబరు. జులై, ఆగస్టుల్లో దేశమంతా సెలవుల్లో ఉంటుంది, గదులు దొరకవు, నైరుతి ఫ్రాన్స్‌లో ఎండ మన కోస్తాని గుర్తుచేసే రోజులూ ఉంటాయి. మే మొదట్లో సెలవులు ఎక్కువ: 1వ తేదీ, 8వ తేదీ, మధ్యలో ఎప్పుడో ఒక గురువారం క్రైస్తవ పండుగ. ఆ రోజుల్లో దుకాణం తెరిచి ఉంటుందని లెక్క వేసుకుంటే పస్తే. సెప్టెంబరుకి ఒక లాభం ఉంది, మ్వాసాక్ ద్రాక్ష అప్పుడే బజారుకొస్తుంది. శాస్లా అంటారు, బంగారు రంగులో, పల్చటి తోలుతో. అక్టోబరు దాటాక మాత్రం వద్దు. పగలు కుంచించుకుపోతుంది, గట్టు మీద ఆకులు తడిసి జారుతాయి, విడిది ఇళ్ళు చాలామంది మూసేస్తారు.

చలికాలంలో కొన్ని దారులే మూసేస్తారు కూడా. పైన చెప్పిన బర్గండీ దారిని మాకోన్ వైపు పొడిగించినప్పుడు బ్వా క్లేర్ అనే పాత రైలు సొరంగాన్ని వాడుకున్నారు. కిలోమీటరున్నర పైనే పొడుగు, లోపల దీపాలు. గబ్బిలాలు నిద్రపోయే కాలంలో దాన్ని మూసేస్తారు, మనం కొండ మీదుగా చుట్టూ వెళ్ళాలి. ఏ దారికైనా బయల్దేరే వారం ముందు ఆ జిల్లా పర్యాటక కార్యాలయం వెబ్‌సైట్లో "మూసివేత" కబురు ఉందేమో చూడండి.

గాలి సంగతి. ఈ ప్రాంతంలో ఎక్కువ రోజులు పడమటి గాలి వీస్తుంది కాబట్టి బోర్డో నుంచి తులూజ్ వైపు వెళ్తే వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది. తులూజ్ సముద్ర మట్టానికి కాస్త ఎత్తులో ఉంది, కాలువ 193 కిలోమీటర్లలో 53 లాకులతో సుమారు 130 మీటర్లు ఎక్కుతుంది. అది మీకు తెలియను కూడా తెలియదు, లాకు దగ్గర ఒక్కోసారి నాలుగు తొక్కుల గట్టు వస్తుంది, అంతే. తెలిసేది గాలే. తులూజ్ దగ్గర పడేకొద్దీ ఓతాన్ అనే ఆగ్నేయపు గాలి ఎదురైతే మాత్రం రోజుల తరబడి వదలదు. ఆ రోజు లెక్కలో పావు వంతు దూరం కొట్టేయండి.

వీసా, అలవాటు, సైకిలు

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి షెంగెన్ స్వల్పకాల వీసా కావాలి. ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది. 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా చూపించాలి. సైకిల్ యాత్రికులు ఇరుక్కునేది బస దగ్గర. "దారిలో ఎక్కడ దొరికితే అక్కడ గుడారం వేస్తాం" అన్న జవాబు కాగితం మీద చెల్లదు. ప్రతి రాత్రికీ ఒక బుకింగు ఉండేలా, మార్చుకునే వీలున్న గదులు తీసుకోండి. ఏ రోజు ఏ ఊరో రాసిన ఒక పేజీ పట్టిక జతచేస్తే మీకూ మంచిదే, తర్వాత అదే మీ దారి పటం.

అలవాటు కోసం పెద్ద కసరత్తు అక్కర్లేదు. హైదరాబాద్‌వాళ్ళకి ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాకు ఉండనే ఉంది. దాని మీద పోయి వస్తే ఒక రోజు కోటా అయినట్టే. అయితే ఒక్క రోజు కాదు, వరసగా రెండు రోజులు తొక్కి చూడండి. మొదటి రోజు ఎవరైనా తొక్కుతారు. సీటు మీద రెండో రోజు పొద్దున కూర్చున్నప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. వెనక క్యారేజి మీద పది కిలోల బియ్యం మూట కట్టి తొక్కితే ఇంకా మంచిది, బరువున్న సైకిలు మలుపులో ఎలా లాగుతుందో చేతికి తెలుస్తుంది.

సైకిలు ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళకండి. విమానంలో పెట్టడానికి విప్పడం, పెట్టె కట్టడం, అక్కడ మళ్ళీ బిగించడం, తిరిగొచ్చేటప్పుడు పెట్టె ఎక్కడ దాచాలన్న బెంగ, ఐదు రోజుల యాత్రకి ఇంత తంతు దండగ. అద్దెకి తీసుకోండి. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో అప్పగించే దుకాణాలు ఈ దారిలో ఉన్నాయి, నెల ముందే మాట్లాడుకోవాలి. డిపాజిట్టు మొత్తం క్రెడిట్ కార్డు మీద ఆపి ఉంచుతారు, కాబట్టి కార్డులో ఆ మేరకి పరిమితి ఉందో లేదో ముందే చూసుకోండి.

దుకాణంలో సిగ్గుపడకుండా అన్నీ అడగండి. టైరు వెడల్పు 35 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. సన్నటి రేసు టైరు చెట్ల వేళ్ళు పైకి తన్నిన చోట నడుం విరగ్గొడుతుంది. వెనక క్యారేజి గట్టిదై, రెండు పక్కలా సంచీలు తగిలించేలా ఉండాలి. స్పేరు ట్యూబు, పంక్చరు సామాను, గాలి పంపు, తాళం ఇవ్వాలి. వాళ్ళ ట్యూబులకి చాలావరకు సన్న వాల్వు ఉంటుంది, మన పాత సైకిలు పంపు దానికి పట్టదు. కొనపై ఉండే చిన్న మర వదులు చేశాకే గాలి ఎక్కుతుంది. దుకాణంవాడి ముందే ఒకసారి గాలి తీసి, కొట్టి చూడండి. నేను మొదటిసారి అలా చూడలేదు. వానలో, లాకు పక్కన, ఆ మర తిప్పాలని తెలియక అరగంట పంపు కొట్టాను. చేపలు పడుతున్న పెద్దాయన ఒకడు గాలం పక్కన పెట్టి వచ్చి, మాట్లాడకుండా రెండు వేళ్ళతో తిప్పి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

సీటు ఎత్తు కూడా అక్కడే సరిచేయించుకోండి. పెడల్ కింద ఉన్నప్పుడు మడమ దానికి ఆనితే కాలు నిటారుగా ఉండాలి. పిల్లలకి, అంటే పన్నెండేళ్ళ లోపువాళ్ళకి, హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. పెద్దవాళ్ళకి కాదు, అయినా పెట్టుకోండి.

సామాను గురించి ఒక్క ముక్క: సర్దినదాంట్లో మూడో వంతు తీసి ఇంట్లో పెట్టేయండి. రెండు జతల బట్టలు, వాన కోటు, ఒక వెచ్చని స్వెటరు, చెప్పులు. సంచీ లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు వేసి అందులో సర్దితే వానకి దిగులుండదు. ఫోను చార్జరుకి అక్కడి సాకెట్టులో దూరే గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గు మర్చిపోవద్దు.

తిండి, నీళ్ళు

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ దారిలో కష్టపడేది కాళ్ళు కాదు, కడుపు. మీరు రోజుకి ఎన్ని కిలోమీటర్లు వెళ్ళాలో నిర్ణయించేది మీ ఓపిక అనుకుంటారు. కాదు, పల్లె బేకరీ గడియారం.

ఫ్రెంచి పల్లెల్లో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు. ఒంటిగంటన్నరకి వెళ్తే ముఖం చిట్లిస్తారు, రెండున్నరకి వెళ్తే వంటగది మూసేశామంటారు. డబ్బులెక్కువిస్తామన్నా పొయ్యి వెలిగించరు. దుకాణాలు కూడా పన్నెండున్నర ప్రాంతంలో మూసి మళ్ళీ మూడింటికి తెరుస్తాయి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఊరు ఊరంతా నిద్రపోతుంది. సోమవారం చాలా బేకరీలకీ హోటళ్ళకీ సెలవు. అందుకే నా నియమం: శనివారం సాయంత్రానికి సంచీలో రెండు పూటల తిండి ఉండాలి. మామూలు రోజుల్లో పొద్దున్నే బేకరీకి వెళ్ళి ఆ పూటకే కాక మధ్యాహ్నానికి కూడా రొట్టె కొనేసుకోవాలి. ఫ్రెంచిలో బేకరీని బూలాంజెరీ అంటారు. లోపలికి అడుగు పెట్టగానే "బొంజూర్" అనాలి. ఇది మర్యాద కోసం చేసే అలంకారం కాదు. ఆ మాట అనకుండా వస్తువు అడిగితే అవమానించినట్టే లెక్క, సేవ కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

వారపు సంతలు పట్టుకోగలిగితే పండగ. క్రెయోన్‌లో బుధవారం పొద్దున, లా రెయోల్‌లో శనివారం పొద్దున. టమాటాలు మార్మాంద్‌వి, ఎండు రేగు కాదు ప్లమ్ పండ్లు అజాన్‌వి. అజాన్ ఎండు ప్లమ్‌లు జేబులో పోసుకుని తొక్కుతూ తినడానికి ఖర్జూరం తర్వాత అంత మంచివి.

శాకాహారులకి ఇది పరీక్షే. నైరుతి ఫ్రాన్స్ బాతు మాంసపు దేశం. బంగాళదుంప వేపుడు కూడా బాతు కొవ్వులో వేయిస్తారు. సలాడ్ అని తెప్పించుకుంటే పైన పంది మాంసం ముక్కలు చల్లి ఉంటాయి, వాటిని లార్దోన్ అంటారు, చాలామంది వంటవాళ్ళు వాటిని మాంసం కింద లెక్కే వెయ్యరు. కాబట్టి "శాకాహారిని" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. "సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్, సాన్ లార్దోన్" అని మూడూ విడివిడిగా చెప్పండి: మాంసం లేకుండా, చేప లేకుండా, ఆ ముక్కలు లేకుండా. వేడి మేక జున్ను పెట్టిన సలాడ్ దాదాపు ప్రతి చోటా దొరుకుతుంది. గుడ్డు తినేవాళ్ళకి ఆమ్లెట్ ఉంది. సాయంత్రాలు కొన్ని ఊళ్ళ కూడలిలో పిజ్జా బండి వచ్చి ఆగుతుంది, అది దేవుడు పంపినట్టే. జున్నులో చాలావాటికి దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో పాలు విరుస్తారని కూడా తెలిసి ఉండటం మంచిది. పట్టింపు ఉన్నవాళ్ళు ముందే తేల్చుకోవాలి.

నేను చేసేది చెబుతాను. చిన్న గ్యాసు పొయ్యి ఒకటి, గిన్నె ఒకటి. గ్యాసు డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, బోర్డోలో క్రీడా సామాను దుకాణంలో కొనాలి. ఏ ఊరి దుకాణంలోనైనా కుస్‌కుస్ అనే గోధుమ రవ్వలాంటి దాని ప్యాకెట్టు ఉంటుంది. దాని మీద మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే ఉప్మాకి మేనత్త కొడుకు అవుతుంది. అందులో ఇంటినుంచి తెచ్చుకున్న కందిపొడి, కాస్త ఆలివ్ నూనె. యాభై కిలోమీటర్ల తర్వాత దానికి మించిన విందు నాకు తెలియదు. పొడులు, నూనెలో మునిగిన పచ్చడి రెండు కవర్లలో చుట్టి పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన ఏ మిఠాయీ వద్దు, యూరప్ బయటనుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. పచ్చి కరివేపాకు రెబ్బలు కూడా అంతే, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు.

నీళ్ళకి ఒక కిటుకు ఉంది, సైకిల్ యాత్రికులందరికీ తెలిసినదే. ఊళ్ళో కొళాయి కనబడకపోతే శ్మశానానికి వెళ్ళండి. సమాధుల మీద పూలకి నీళ్ళు పోయడానికి గేటు దగ్గర కొళాయి ఉంటుంది. మొదటిసారి మనకి మనసొప్పదు. అక్కడివాళ్ళకి అదేమీ వింత కాదు. కొళాయి పైన "ఓ నోన్ పోతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగకూడని నీళ్ళని అర్థం.

బస దగ్గర "అక్యెయ్ వెలో" అన్న ముద్ర వెతకండి. ఆ ముద్ర ఉన్న ఇల్లు సైకిల్ మార్గానికి ఐదు కిలోమీటర్ల లోపే ఉండాలి, సైకిలు పెట్టుకోవడానికి తాళం వేసే చోటు, మరమ్మతు సామాను ఉండాలి. పల్లె ఇళ్ళలో గది అద్దెకిచ్చే పద్ధతిని శాంబ్ర్ దోత్ అంటారు, అద్దెలోనే పొద్దుటి ఫలహారం కలిసి ఉంటుంది. రాత్రి భోజనం కావాలంటే ముందు రోజే ఫోను చేసి చెప్పాలి, అప్పుడే శాకాహారం సంగతి కూడా. చెప్పిన వేళకి చేరలేకపోతే కబురు పెట్టండి. వాళ్ళు ఏడు దాటితే కంగారు పడతారు.

ఇక తొక్కడం

మొదటి రోజు బోర్డో రాతి వంతెన దాటి గారోన్ నది కుడి ఒడ్డున దక్షిణంగా వెళ్తే లాత్రెన్ దగ్గర పాత రైలు దారి అందుతుంది. దీనికి రోజె లాపెబీ పేరు పెట్టారు, 1937లో తూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఈ ప్రాంతపు సైకిల్ వీరుడు. చెట్ల నీడలో సొరంగంలా ఉండే దారి, కొంచెం కొంచెంగా ఎక్కుతూ ద్రాక్ష తోటల్లోకి వెళ్తుంది. క్రెయోన్ పాత స్టేషన్ ఇప్పుడు సైకిళ్ళ స్టేషన్, అక్కడ ఆగి బ్రేకులు, గొలుసు ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత లా సోవ్ అనే ఊళ్ళో కూలిన మఠం ఉంది, పైకప్పు లేని గోడల మీద చెక్కిన శిల్పాలు ఇంకా నిలిచే ఉన్నాయి. సాయంత్రానికి సోవ్‌తెర్ ద గ్వియెన్. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1281లో గళ్ళలా వీధులు వేసి కట్టించిన ఊరు, నాలుగు దిక్కులా నాలుగు గుమ్మాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లండు రాజుకి ఇక్కడేం పని అంటారా, అప్పట్లో ఈ నేల వాళ్ళదే.

రెండో రోజు పొద్దున్నే ఆ 15 కిలోమీటర్ల రోడ్డు ముక్క. చిన్న గుట్టలు, తోటలు, అప్పుడప్పుడు కారు. కుడి పక్కన తొక్కాలని మనసులో పదిసార్లు అనుకోండి. ముఖ్యంగా కూడలిలో ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు మన చెయ్యి అలవాటుగా ఎడమకి లాగుతుంది. లా రెయోల్‌లో నది దాటి ఫోంతె దగ్గర కాలువ ఎక్కితే, ఇక తులూజ్ దాకా నీటి పక్కనే.

ఆ రోజు ల మాస్ దజెనెలో ఆగమంటాను. కాలువకి పైన గుట్ట మీద పల్లె, సైకిలు నడిపించుకుంటూ ఎక్కాలి. ఆ ఊరి చర్చిలో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన శిలువ మీద క్రీస్తు చిత్రం ఉంది, 1631 నాటిది. మ్యూజియంలో కాదు, టికెట్ వరసలో కాదు, పల్లె చర్చిలో. అది నిజంగా రెంబ్రాంట్‌దేనని 1959లో తేలింది. చెమట చొక్కాతో, హెల్మెట్ చేత్తో పట్టుకుని చీకట్లో దాని ముందు నిలబడిన పది నిమిషాల కోసం నేను ఆ గుట్ట రెండుసార్లు ఎక్కాను.

మూడో రోజు అజాన్ దాకా సుమారు యాభై. ఇక్కడ నిజం చెప్పాలి: కాలువ విసుగు పుట్టిస్తుంది. తిన్నటి నీరు, తిన్నటి గట్టు, రెండు వరసల చెట్లు. రెండు గంటలయ్యాక ఏ ఫోటో చూసినా ఒకటేలా ఉంటుంది. చెవుల్లో పాటలు పెట్టుకుందామనిపిస్తుంది. పెట్టుకోకండి, సైకిల్ మీద ఇయర్‌ఫోన్లు నిషేధం, 135 యూరోల జరిమానా. విసుగుకి మందు పక్కకి తిరగడమే. ప్రతి పదిహేను కిలోమీటర్లకీ గట్టు దిగి ఒక ఊళ్ళోకి వెళ్ళండి: దమజాన్‌లో పాత కూడలి, బ్యూజె దగ్గర పడవలు లంగరేసే చోటు. అజాన్ ముందు వరసగా నాలుగు లాకులు ఎక్కాక ఒక్కసారిగా కాలువ గాల్లోకి లేస్తుంది. 23 కమానుల వంతెన, 539 మీటర్లు. కింద గారోన్ నది, పైన కాలువ, కాలువలో పడవ, పడవ పక్కన మీరు. గన్నవరం అక్విడక్టు చూసినవాళ్ళకి ఊహ అందుతుంది. అక్కడ బాట ఇరుకు, ఎదురుగా ఎవరైనా వస్తే దిగి నిలబడండి.

నాలుగో రోజు మ్వాసాక్ దాకా నలభై మూడు. దారిలో గోల్ఫెష్ అణువిద్యుత్ కేంద్రం గోపురాలు రెండు గంటల సేపు కళ్ళముందే ఉంటాయి, దగ్గరకొచ్చినట్టే ఉంటాయి గానీ రావు. కాళ్ళలో బలం ఉంటే వలాన్స్ దగ్గర నది దాటి ఓవిలార్ అనే కొండ మీది ఊరికి వెళ్ళి రండి, గుండ్రటి ధాన్యపు బజారు ఉంది. ఈ ప్రాంతంలో గట్టు మీద వీపున సంచీలతో నడిచేవాళ్ళు ఎదురవుతారు. స్పెయిన్‌లోని కొంపోస్తెలాకి కాలినడకన వెళ్ళే యాత్రికులు. మన శబరిమల నడకవాళ్ళలా వాళ్ళు తమ లోకంలో ఉంటారు. చాలా ముందునుంచే గంట ఒక్కసారి మోగించి, నెమ్మదించి, "బొంజూర్" చెప్పి దాటండి. పచ్చదారిలో మనకంటే నడిచేవాళ్ళదే ముందు హక్కు.

మ్వాసాక్‌కి మధ్యాహ్నానికే చేరేలా చూసుకోండి. మఠం లోపలి చతురస్రపు వసారా 1100లో పూర్తయింది, 76 స్తంభ శీర్షాలు, వాటిలో చాలావాటి మీద ఒక్కో కథ. మన లేపాక్షి మండపంలో ఒక్కో స్తంభం దగ్గర ఆగినట్టే ఇక్కడా ఆగాలి. ఈ మఠానికి పక్కనే రైలు పట్టాలు చూసి ఆశ్చర్యపోతారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ లైను వేసేటప్పుడు వసారానే కూల్చబోయారు. అది ఎలాగో మిగిలింది, భోజనశాల మాత్రం పోయింది. మీరు కాళ్ళు నొప్పెడితే ఎక్కి పోవచ్చని నేను మెచ్చుకున్న రైలు లైను అదే.

ఐదో రోజు పొడుగైనది, అరవై నాలుగు. ఊరు దాటగానే టార్న్ నది మీద ఇంకో కాలువ వంతెన. మోన్‌తెక్‌లో ఆగండి. ఐదు లాకులు తప్పించడానికి 1974లో అక్కడో వింత కట్టారు: ఏటవాలు తొట్టి, అటూ ఇటూ రెండు ఇంజన్లు, నీటిని పడవతో సహా గోడలా నెట్టుకుంటూ పైకి తీసుకెళ్ళేవి. 2009 నుంచి పనిచేయడం లేదు, యంత్రాలు మాత్రం చూడటానికి ఉన్నాయి. తిండి, నీళ్ళు అక్కడే నింపుకోండి. ఆ తర్వాతి నలభై మూడు కిలోమీటర్లలో గట్టు మీద దొరికేది తక్కువ. చివరి పదిహేను కిలోమీటర్లు గోదాములు, రైలు యార్డులు. అందం ఆశించకుండా తలవంచి తొక్కేయండి.

దారంతా గుర్తుంచుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గట్టు రోడ్డుని దాటే ప్రతి చోటా కార్లు రాకుండా కర్రలో, అడ్డ కమ్మీలో పాతి ఉంటాయి. పక్క సంచీల వెడల్పు మర్చిపోయి వేగంగా దూరితే పడతారు. చీకటి పడ్డాక ఊరి బయట మెరిసే చొక్కా వేసుకోవడం చట్టం. ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, గంట ఉండాలి. ద్రాక్ష తోటల దేశం కదా అని మధ్యాహ్నం గ్లాసు మీద గ్లాసు పడితే, మద్యం పరిమితి సైకిలుకీ వర్తిస్తుంది, పక్కన కాలువా ఉంది. ప్రమాదం జరిగితే 112.

తులూజ్‌లో పోన్ జ్యూమో అనే చోట మన గారోన్ కాలువ మిది అనే ఇంకో కాలువతో కలుస్తుంది. ఎడమకి తిరిగి మిది కాలువ వెంట సైకిల్ బాట పట్టుకుంటే మూడు కిలోమీటర్లలో మాతాబియో రైల్వే స్టేషన్, నీటి ఒడ్డునే. సైకిలు అప్పగించే దుకాణం ఆరింటికో ఏడింటికో మూస్తుంది, ముందే అడిగి పెట్టుకోండి. సొంత సైకిలైతే ప్రాంతీయ రైలులో విప్పకుండానే ఎక్కించవచ్చు, వేసవిలో కొన్ని లైన్లలో చోటు బుక్ చేయాలి. టీజీవీ అనే వేగపు రైళ్ళలో మాత్రం సైకిలు చోటుకి టికెట్టుతో పాటే రిజర్వేషన్ చేయించాలి, ఆ చోట్లు కొద్దే, త్వరగా అయిపోతాయి. ఇంకా వారం సెలవుండి ముందుకి పోదామనుకుంటే మిది కాలువ మీద మొదటి యాభై కిలోమీటర్లు నున్నటి తారు. అవిన్యోనె అనే ఊరి దగ్గర జిల్లా సరిహద్దు దాటాక మట్టి బాట, చెట్ల వేళ్ళు. వాన పడితే బంకమట్టి చక్రానికీ బ్రేకుకీ మధ్య గడ్డకడుతుంది. అప్పుడు అద్దె సైకిలు వద్దు, లావు టైర్ల సైకిలు తీసుకోండి, వాన పడ్డ మర్నాడు పొద్దున ఒక పూట ఆగండి.